ల్యాబులో ముందే పేలిన బెలూన్

నిన్న నా పరువు పోవాల్సింది. పోలేదు సరిగదా, పేరొచ్చింది! ఎట్లాగో చెప్తా వినండి.

రోజూ ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరి పోయి కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను గదా. మా ప్రిన్సిపాల్ సారుకు మా ల్యాబు గది మీద ఎప్పట్నుంచో కన్ను. "ఎవురు చేస్తున్నారమ్మా ప్రయోగాలు? విరిగిన బెంచీలన్నా పెట్టుకుందాం" అంటాడు. నిన్న తనిఖీకి ఆఫీసర్ వస్తున్నాడు. ఆయన ఊ అంటే మా ల్యాబు స్టోర్‌రూమే!

నేను ఊరుకుంటానా? మరిగే ఉష్ణోగ్రతల పాఠం కళ్లముందే చూపిస్తానన్నాను. రెండు టెస్ట్‌ట్యూబులు. ఒకదాంట్లో బ్యూటనాల్, ఇంకోదాంట్లో ఈథర్. రెండిటి అణువుల్లోనూ అవే కార్బన్లు, అవే హైడ్రోజన్లు, అదే ఆక్సిజన్. అమరికలోనే తేడా. మూతులకు బెలూన్లు తొడిగినాను. గోరువెచ్చని నీళ్లలో పెడితే ఈథర్ బెలూన్ మెల్లగా ఉబ్బాల, రెండోది వేలాడతా ఉండాల. అదీ ప్లాన్!

అంతా రెడీ చేసి, పిల్లల్ని కూర్చోబెట్టి గేటు దగ్గరికి పోయినాను. ఆఫీసర్ వచ్చినాడు, బొకే తీసుకున్నాడు, టీ తాగినాడు, ఫోన్ మాట్లాడతానే ఉన్నాడు. ఈలోగా కరెంటు పోయింది. మాది రేకుల గది. బయట మన ఉదయగిరి ఎండ! ఈథర్ ఒంటి వేడికే మరుగుతాదని ఏళ్లుగా చెప్తున్నదాన్ని, గది అంతకంటే వేడెక్కుతాదని నాకు తట్టలా!

లోపలికొచ్చి చూద్దును గదా, ఈథర్ బెలూన్ ఇంత లావు!

"ఏంది మేడమ్, ఎవురి బర్త్‌డే?" అని ఆఫీసర్ దాని మీదికి వంగినాడు.

"అది సార్..." అంటున్నా.

ఠప్!

ఆఫీసర్ ఎగిరి ప్రిన్సిపాల్ మీద పడినాడు. గదంతా ఒకటే వాసన. "కిటికీలు తీయండే!" అని అరిచినాను. ప్రిన్సిపాల్ సారు నా వైపు చూసిన చూపుకు ల్యాబు పోయినట్టే అనుకున్నా.

అప్పుడు లేచింది షాహీనా, మా సెకండియర్ పిల్ల. "సార్, మేడమ్ ఇంకా నీళ్లలో పెట్టనేలేదు. గది వేడికే ఈథర్ మరిగిపోయింది."

ఆఫీసర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మరి రెండోది మరగలేదేం? ఫార్ములా ఒకటే గదా?"

ఇంక చూడండి! క్లాసంతా లేచింది.

"బ్యూటనాల్లో ఓహెచ్ ఉండాది సార్! హైడ్రోజన్ బాండ్లు! అణువులు ఒకదాన్నొకటి పట్టుకోని వదలవు!"

"ఈథర్లో ఆక్సిజన్ రెండు కార్బన్ల మధ్య ఇరుక్కున్నాది సార్! అట్టా గట్టిగా పట్టుకునేదానికి ఓహెచ్ లేదు, అందుకే ఎగిరిపోతాయి!"

ఆఫీసర్ రెండో ట్యూబు తీసుకుని, వాలిపోయిన బెలూన్ని వేలితో కదిపినాడు. "దీన్ని మరిగించాలంటే?"

"నీళ్లకంటే ఎక్కువ వేడి కావాల సార్!" చివరి బెంచీ నుంచి గూడా జవాబే! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఈథర్ ఘాటు వల్ల కాదులెండి.

ఆఫీసర్ ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "ఈ గదిని ఎవురూ ముట్టుకోవద్దు. పైన సీలింగ్ వేయించండి" అన్నాడు.

"మా మేడమ్ అంతే సార్! నేనే ఎంకరేజ్ చేస్తుంటా!" అన్నాడు మా సారు, సిగ్గు లేకుండా.

పోతా పోతా ఆఫీసర్ అడిగినాడు: "సరిగ్గా నేను వంగేసరికే పేలింది. ఏం టైమింగ్ మేడమ్! ఎట్లా?"

నేను ఊరుకోవచ్చు గదా! "అంతా ప్రాక్టీస్ సార్" అన్నా.

అంతే! వచ్చే వారం ఆత్మకూరులో లెక్చరర్లందరి ముందూ అదే డెమో, అదే టైమింగ్‌తో చేయాలంట. పొద్దున్నుంచీ మా ఆయన బెలూన్ మీదికి వంగతానే ఉన్నాడు, నేను గుండుసూది పట్టుకోని ప్రాక్టీస్ చేస్తానే ఉన్నాను!