రోగమున్న మూలలో కంది

మా కంది చేనుకు ముప్పు వచ్చిందని నాకు తెలిసింది నా చిన్నప్పుడు, బడికి పోతూ పోతూ ఒక కొమ్మ విరిచిన క్షణంలో. ముందు రోజే వాన పడింది. నేల తడిగానే ఉంది, అయినా మొక్క తల వాల్చింది. విరిచిన కొమ్మ లోపల నల్లటి చార కనిపించింది. బడి సంచీ అక్కడే పడేసి నాన్నను, మా బాపును, పిలుచుకొచ్చాను.

దేవరకొండ అవతల, వాన మీదే ఆధారపడ్డ ఎర్ర చెలక మాది. కంది తప్ప వేరే దిక్కు లేదు. పూత కాయ కాకముందే చేను చాలావరకు ఎండిపోయింది. బాపు మేస్త్రి వెంట బొంబాయి పనికి బయలుదేరాడు. వచ్చే ఏడు కూడా ఇంతే అయితే అందరం పోవాల్సిందే అన్నాడు. అందరం అంటే నా బడి ఆగిపోవడమే.

మా అవ్వ, అంటే బాపు తల్లి, పాత చీర పేలికలు చింపుకుని చేనంతా తిరిగింది. ఎండిన వాటి నడుమ అక్కడొకటి ఇక్కడొకటి పచ్చగా నిలబడిన మొక్కలకు వాటిని కట్టింది.

"ఏందే అవ్వ, కంది చెట్లకు పెండ్లి జేస్తున్నవా?" అన్నాడు బాపు, పోయే ముందు.

"చేస్త. సచ్చినయి పొయ్యిల పెట్టుకో, బతికినయి నాకిడువు."

ఆ మొక్కలకు కాసిన గింజలను బూడిదలో కలిపి కుండలో దాచింది. తొలకరికి బాపు తిరిగొచ్చాక, మంచి నేల వదిలేసి, పోయినేడు మొత్తం ఎండిన మూలలోనే వాటిని వేయించింది.

"గా జాగల ఏస్తే మల్ల సస్తయే."

"మంచి జాగల బతికితే గొప్పేముంది కొడుకా? రోగమున్నకాడ నిలబడితే అది ఇత్తనం."

రోజూ బడికి పోతూ ఆ మూల చూసి పోయేదాన్ని. మిగతా చేనులో మళ్లీ తలలు వాలాయి. అవ్వ మూల మాత్రం కాయల బరువుకే వంగింది. బాపు రానని మేస్త్రికి కబురు పంపాడు. నేను ఆరో తరగతికి పోయాను.

"ఇవెట్ల బతికినయే అవ్వ?" అని అడిగాను.

"నాకేమెరుక? సదువుకునేదానివి, నువ్వే జెప్పాలె."

ఆ మాటే నన్ను డిగ్రీలో వృక్షశాస్త్రానికి, తర్వాత జన్యువులను సరిదిద్దే పరిశోధనకు నడిపించింది. కందిలో తెగులుకు దారి ఇచ్చే జన్యువును మేము కత్తిరించి మొక్కలు పెంచాం. మా చెలక నుంచి రోగమున్న మట్టి తెప్పించి అందులోనే వాటిని, పోల్చి చూడటానికి పక్కనే మామూలు మొక్కలను నాటాను. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇంట్లో పిల్లల ఒళ్లు వెచ్చబడినా, అక్కడ ల్యాబులో కుండీలో ఆకు వాలినా ఒకటే దడ. నిన్న సాయంత్రానికి మామూలు మొక్కలన్నీ ఎండిపోయాయి. మేము సరిదిద్దినవి పచ్చగా నిలబడ్డాయి. చున్నీ అంచు చింపి ఒకదానికి కట్టాను.

నేను ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయారు. ఈ ఉదయం టిఫిన్ డబ్బాలు సర్దుతూ వాళ్లకు అవ్వ కంది సంగతీ, నిన్నటి మొక్కల సంగతీ చెప్పాను.

"ఎట్ల బతికినయమ్మా?" అంది చిన్నది.

ఇన్నేళ్లూ అవ్వకు బాకీపడ్డ జవాబు అది.

"రోగం లోపలికొచ్చే తలుపొకటి ఉంటది బిడ్డా. అవ్వ చెట్లకు అది పుట్టుకతోనే మూసి ఉండె. వీటికి మేం మూసినం."