మార్కండేయ రెండో ప్రశ్న

మార్కండేయ ఎవరి జవాబునూ ఒక్కసారికి నమ్మడు. అదే సంగతిని ఇంకో వైపు నుంచి మళ్లీ అడగాల్సిందే.

ధర్మవరం మగ్గాలవాళ్ల బిడ్డ. ఇంటింటికీ తిరిగి కుటుంబాల బాగోగులు రాసుకునే సర్వే పని మీద నల్లమాడ దగ్గర మా ఊరికి వచ్చి, భార్య హేమావతితో ఎనిమిది నెలలు మా ఇంటి ముందు గదిలో ఉన్నాడు. గది ఇచ్చిన నేనెవరో కూడా చెప్పాలి కదా. ఊరి బడిలో ఐదు చదివి, రెండుసార్లు సర్పంచునై, బడికి గదులు, వాగుకు చెక్‌డ్యాం, ఇంటింటికీ కొళాయి తెచ్చినవాణ్ణి.

నా వయసు అడిగితే డెబ్బై రెండన్నాను. రాసుకోలేదు. కాసేపు వేరుసెనగ ధర మాట్లాడి, "పంతొమ్మిదొందల యాభై రెండు కరువులో గంజి కేంద్రానికి పోయినారా పెద్దాయనా?" అన్నాడు.

"పోకేం? మా నాయన భుజమెక్కి పోయినా, అప్పటికి ఐదేళ్లోణ్ణి."

ఫారంలో నా వయసు ఐదేళ్లు పెరిగింది.

ఇంట్లోనూ అంతే.

"హేమా, నామీద కోపమా?"

"లేదు."

"మరి నిన్న మూడు పూటలా ఉప్మా ఎందుకు చేసినావు?"

"అడిగినావు కాబట్టి ఈ పొద్దూ అదే."

ఒకరోజు పైవీధి చివర అంజనమ్మ ఇంటికి అతనితో నేనూ వెళ్లాను. నీళ్లు సరిగా రావని ఈ సర్వేలో తేలిన వీధులకే కొత్త పైపు వేస్తారని ఊరందరికీ తెలుసు.

"నీళ్లకు ఇబ్బందేమన్నా ఉండాదా అమ్మా?"

"ఇబ్బందేముంది సారూ, మా పెద్దప్ప కొళాయి వేయించినాడు కదా."

నేను మీసం సవరించుకున్నాను. మార్కండేయ కలం కదపలేదు.

"ఈ పొద్దు సంగటి కెలికిన నీళ్లు యాడివి?"

అంజనమ్మ అతన్ని వదిలేసి నావైపు చూసింది. "రాఘవేంద్ర తోటలో మోటరు కాడివి. పోను మైలు, రాను మైలు. నాలుగు బిందెలు."

"కొళాయిలో నీళ్లు కడాసారి ఎప్పుడొచ్చినాయి?"

"ఉగాదికి. ఈ ఉగాదికి కాదులే, పోయినేడు."

దారిలో ఉండబట్టలేకపోయాను. "ఏమప్పా, ఆ రెండోదేదో మొదటే అడగరాదా? నన్ను పైకెక్కించి కింద పడేసేదెందుకు?"

"మొదటిది ఆయమ్మ మర్యాదకు పెద్దాయనా. మీ ఎదురుగా మీ కొళాయిని తిట్టమంటే ఎట్ల తిడుతుంది? మీకు చెప్పాల్సిన మంచి చెప్పేసుకుంటే, ఇంక నిజం చెప్పేదానికి నోరొస్తుంది. అబద్ధమాడినావని నేనూ అనే పని ఉండదు."

మనుషుల్ని నమ్మడనుకున్నాను ఇన్నాళ్లూ. వాళ్లను సిగ్గుపడనివ్వకుండా చూసుకుంటున్నాడని నాకు తట్టలేదు.

అతని ఫారం ఒక్కటే చాలదని నేనే అర్జీ పెట్టాను: "నేను వేయించిన కొళాయిల్లో పైవీధికి నీళ్లెక్కవు." కింద మాజీ సర్పంచునని కూడా రాశాను. ఏ సర్పంచూ అలాంటి అర్జీ రాసి ఉండడు, కావాలంటే విచారించుకోండి.

శ్రావణంలో పైపు పడింది. నీళ్లు వదిలిన పూటే అంజనమ్మ నన్ను పిలిచి చెంబు చేతికిచ్చింది. నేనింకా ఏమీ అడగలేదు.

"తాగు పెద్దప్పా. బాగా వస్తాండాయి గానీ, రవ్వంత ఉప్పగా ఉండాయి. అది కూడా రాయి."