ఆగన్నాడా, హాకన్నాడా

గెలిచిన ఆటకు మాటలు తక్కువ. నలుగురూ భుజాలు చరుచుకుని, మిఠాయి తిని, ఇంటికి పోయి పడుకుంటారు. ఓడిన ఆటను మాత్రం ఏళ్ల తరబడి నోటితో ఆడుతూనే ఉంటారు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఈ రాయచూరు నేల కోసం విజయనగరం వాళ్లూ బహమనీలూ తరతరాలు కొట్టుకున్నారు. ఆ చరిత్రలు తిరగేసి చూడండి. గెలిచినవాడికి నాలుగు వాక్యాలు దక్కుతాయి. ఓడినవాడు ఎందుకు ఓడాడన్నదానికి మాత్రం, ఏనుగు బెదిరిందనీ, సేనాని అలిగాడనీ, మంత్రి లంచం తిన్నాడనీ పేజీలకు పేజీలు నడుస్తాయి. థర్మల్ కరెంటు కేంద్రం కాలనీ గేటు బయట సుంకన్న హోటలు బెంచీ మీద జరిగినదీ అలాంటి చరిత్ర రచనే. అందులో దోషిగా ఎక్కినవాడు యలమందయ్య.

యలమందయ్యది నరసరావుపేట అవతల ఒక పల్లె. చిమ్నీలు ఇంకా లేస్తూ ఉండగానే ఇక్కడికి వచ్చి, బొగ్గు యార్డులో బెల్టు మీద పనికి కుదిరాడు. వ్యాగన్లు తెచ్చిపోసిన బొగ్గు రబ్బరు బెల్టు మీద పడి బాయిలరు దాకా పోతుంది. అది ఎక్కడా ఒరుసుకోకుండా, పొంగిపొర్లకుండా కనిపెట్టుకుని ఉండటం అతని పని. క్వార్టరు దొరికింది. గోడల సున్నం వాసన ఇంకా పోలేదు, భార్య కుసుమ కామెర్లతో పోయింది. పిల్లలు లేరు. మరో సంబంధం చూస్తామని ఊరినుంచి చుట్టాలు కబురు పెట్టారు. అతను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. రెండుసార్లు అడిగి వాళ్లే ఊరుకున్నారు.

ఆ కాలనీలో బూడిద రాలుతుంది. పొగగొట్టాల నుంచి వచ్చే సన్నటి బూడిద కిటికీ ఎంత మూసినా లోపలికి వచ్చి కూర్చుంటుంది. అందుకని అందరూ కంచాలు బోర్లించి పెట్టుకుంటారు. యలమందయ్య వంటింటి నల్లరాతి గట్టు మీద రెండు కంచాలు బోర్లించి ఉండేవి. ఒకదాన్ని రోజూ తీసి తింటాడు. రెండోదాన్ని ఏ పండక్కో కడగడానికి ఎత్తితే, దాని కింద గట్టు మీద గుండ్రంగా, శుభ్రంగా, నల్లగా మెరుస్తూ ఒక చోటు కనిపించేది. కడిగి మళ్లీ సరిగ్గా అక్కడే బోర్లించేవాడు.

బాస్కెట్‌బాల్ అనేదొకటుందని అతనికి ఊళ్లో ఉన్నప్పుడు తెలియదు. క్వార్టర్ల వెనక సిమెంటు కోర్టు ఉండేది. సాయంత్రాలు ఎవరో బంతిని నేలకేసి కొడుతుంటే, ఆ చప్పుడు వంటింట్లోకి వీధి తలుపు తడుతున్నట్టు వినిపించేది. మొదట్లో ఒకటి రెండుసార్లు నిజంగానే వెళ్లి తలుపు తీశాడు. తర్వాత తర్వాత ఆ చప్పుడు పట్టుకుని కోర్టు దాకా వెళ్లి నిలబడటం అలవాటైంది. ఆట ముగిశాక చూసినవాళ్లంతా సుంకన్న హోటలుకు పోయి మండక్కి వగ్గరణి అనే తాలింపు మరమరాలు, మిర్చి తింటూ ఆటను మొదటినుంచీ మళ్లీ ఆడేవాళ్లు. యలమందయ్య కూడా వెళ్లేవాడు. బెంచీ చివర కూర్చునేవాడు.

అతన్ని ఎవరూ పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. సుంకన్నది పాత రాయచూరు తెలుగు. టర్బైన్ సెక్షన్ బసవలింగప్ప కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి దిగి ఉర్దూలో ముగిస్తాడు. ఇక్కడి మాట ఎప్పుడూ అంతే, మూడు కాళ్ల మీద నడుస్తుంది. కథ తెలుగులో సాగుతున్నంతసేపూ యలమందయ్య వెంట నడిచేవాడు. సరిగ్గా నవ్వొచ్చే చోట అది కన్నడంలోకి మలుపు తిరిగేది. అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆలస్యంగా, అతనూ నవ్వేవాడు.

ఇలా ఉండగా లింగసుగూరులో టోర్నమెంటు వచ్చింది. ఫైనల్లో థర్మల్ జట్టుకూ బంగారు గని జట్టుకూ పడింది. కాలనీ నుంచి ఒక బస్సు నిండా జనం వెళ్లారు. యలమందయ్యా ఎక్కాడు.

ఆట చివరికి వచ్చేసరికి థర్మల్ వాళ్లది ఒక్క పాయింటు పైచేయి. బంతి నాగేష్ చేతిలో ఉంది. నాగేష్ ఇడపనూరు కుర్రాడు, జట్టుకు ప్రాణం లాంటివాడు. కాలం అయిపోవచ్చింది. అతను చేయవలసిందల్లా బంతిని పొట్టకు హత్తుకుని ఈల కోసం ఎదురుచూడటమే. ఆ ఊపులో యలమందయ్య లేచి నిలబడి గొంతు చించుకుని ఒక్క కేక పెట్టాడు. బెల్టు హోరులో ఏళ్ల తరబడి అరిచిన గొంతు అది. నాగేష్ చటుక్కున అతని వైపు తల తిప్పాడు. ఆ వెంటనే బంతిని రింగు వైపు విసిరేశాడు. అది రింగు అంచుకు తగిలి బయటికి దూకింది. గని జట్టువాడొకడు అందుకుని, అటు చివర దాకా పరిగెత్తి బుట్టలో వేశాడు. ఈల మోగింది.

మర్నాడు సాయంత్రం హోటల్లో పంచాయితీ కూర్చుంది. తప్పు ఎవరిది? కోచ్ రామలింగయ్యది అన్నారు కొందరు, పొడుగాటి శివాజీని తీసి బయట కూర్చోబెట్టినందుకు. రెఫరీది అన్నారు, అతని బావమరిది గనిలో పని చేస్తాడట. మధ్యాహ్నం లింగసుగూరులో పెట్టిన పెరుగన్నానిది అన్నాడొకాయన, అది తిన్నవాడు ఎగరలేడని. రింగే ఒక వైపు వాలి ఉందని ఇంకొకరు. తిరిగి తిరిగి మాట నాగేష్ దగ్గరికి వచ్చేసరికి బసవలింగప్ప చెయ్యెత్తాడు. కుర్రాణ్ని అనకండి, మన జనంలోంచే ఎవడో "హాకు" అని అరిచాడు, చెవులారా విన్నాను, అన్నాడు. అవునవును మేమూ విన్నామని నలుగురూ అన్నారు.

హాకు అంటే కన్నడంలో వెయ్యి అని. దీపం వెయ్యాలన్నా హాకు, స్విచ్చి వెయ్యాలన్నా హాకు, బంతిని బుట్టలో వెయ్యాలన్నా హాకు.

అరిచిందెవడని వెతుకులాట మొదలైంది. యలమందయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అంతమంది వెతుకుతున్న వస్తువు తన దగ్గర ఉండటం అతనికి అదే మొదటిసారి.

"అరిచింది నేనేనండీ," అన్నాడు. "హాకు అనలేదు. ఆగు అన్నాను. బంతి పట్టుకుని ఆగమని."

బసవలింగప్ప ఆ రెండు మాటలనూ నోట్లో వేసుకుని, బెల్లం ముక్కలా అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆగు, హాకు. ఆగూ, హాకూ. ఆ గోలలో రెంటికీ తేడా ఏముంది?

"ఏన్రీ యలమందయ్యా, ఇన్నేళ్ల బట్టీ కృష్ణ నీళ్లు తాగుతున్నారు. ఆగమనడానికి మా నిల్లు అనే ఒక్క మాట నోటికి రాలేదా?"

సుంకన్న పొయ్యి దగ్గర నుంచే అందుకున్నాడు. "యార్డుల ఎర్రగుడ్డ ఊపుతవు గదా, గదన్నా తెచ్చుకోకపోతివి. గింత గలతీ జేసి గిట్ల సప్పుడు లేకుండ కూసున్నవేందన్నా?"

నిజమే, యార్డులో నోటిమాటను ఎవరూ నమ్ముకునేవాళ్లు కారు. బెల్టు ఆపాలంటే ఎర్రగుడ్డ ఊపాల్సిందే. ఆంధ్రావాడి ఆగు, కన్నడవాడి హాకు ఒకే చెవిలో పడే చోట ఇంకేం చేస్తారు?

బెంచీ అంతా విరగబడి నవ్వింది. ఈసారి యలమందయ్యకు ఆలస్యం కాలేదు, అందరితోపాటే నవ్వాడు. సుంకన్న తన చేత్తో గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టి, చక్కెర ఎన్ని చెంచాలని అడిగాడు. రెండు అన్నాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగవలసిన పని పడలేదు.

ఆనాటినుంచి అతని పేరు హాకయ్య. రేషన్ షాపు వరసలో, షిఫ్టు బస్సులో, చవితి పందిట్లో ఎవరో ఒకరు "హాకయ్యా, ఆగాల్నా, హాకాల్నా?" అని కేకేసేవాళ్లు. కాలనీకి కొత్తగా ఎవరొచ్చినా బెంచీ మీద కూర్చోబెట్టి ఆ కథ చెప్పేవాళ్లు, చివర్లో వేలు చూపేవాళ్లు. వేలు తనవైపు తిరిగే సమయానికి యలమందయ్య భుజం మీది తువ్వాలు సర్దుకుని సిద్ధంగా ఉండేవాడు. కథలో ఎవరైనా ఒక ముక్క వదిలేస్తే అందించేవాడు. నిందంటే ముల్లులా గుచ్చుకునేదే అనుకుంటాం. చలిలో గొంగడిలా కప్పుకునేవాళ్లూ ఉంటారు. రాత్రి క్వార్టరుకు పోయి పడుకున్నాక అతనికి గుర్తొచ్చేది ఓటమి కాదు. తాను పిలవగానే అంత జనం మధ్య తనవైపు తిరిగిన ఒక తల. కుసుమ పోయాక, అతని పిలుపుకు తిరిగిన తల అదొక్కటే.

కాలం ఎవరి కోసమూ బంతి పట్టుకుని నిలబడదు. నాగేష్‌కు ఆట కోటాలో హుబ్బళ్లి దగ్గర ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. బసవలింగప్ప రిటైరై కలబురగి వైపు ఇల్లు కట్టుకున్నాడు. కొందరు బదిలీ మీద, కొందరు శాశ్వతంగా వెళ్లారు. కోర్టులో రింగు తుప్పుపట్టి, బోర్డు సగం విరిగి, సిమెంటు పగుళ్లలో గడ్డి మొలిచింది. యలమందయ్యకూ పని అయిపోయి, క్వార్టరు వదలాల్సి వచ్చింది. ఊరికి వెళ్లొచ్చు, కానీ ఊళ్లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు మిగల్లేదు. చిక్కసూగూరులో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ సాయంత్రం షేర్ ఆటో ఎక్కి సుంకన్న హోటలుకు వచ్చేవాడు. కొత్త కాంట్రాక్టు పనివాళ్లు ఫోన్లు చూసుకుంటూ చాయ తాగేవాళ్లు. సుంకన్న ఒక్కడే తలెత్తి, "ఓ హాకయ్యా, నేడు గూడ వస్తివా," అనేవాడు. ఆ ఒక్క మాట కోసం అంత దూరం ఆటో.

ఒక సాయంత్రం హోటలు ముందు కారు ఆగింది. దిగినాయన లావెక్కాడు, జుట్టు పలచబడింది. ఇడపనూరులో అన్న కూతురి పెళ్లికి వచ్చి తిరిగి పోతున్నానన్నాడు. సుంకన్న పోల్చుకుని, నాగేష్ అని సంబరపడిపోయాడు. చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరికి లాక్కొచ్చి, "ఇగో, నీ కప్పు ముంచిన హాకయ్య, గిక్కన్నే ఉన్నడు," అన్నాడు.

యలమందయ్య తువ్వాలు సర్దుకున్నాడు.

నాగేష్ నవ్వలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఇన్నేండ్లు చెప్పాలనుకుంట చెప్పకపోతిని. నాకు నీ కేక ఇనబడనే లేదు. గని వాళ్లు డబ్బాలు కొడ్తుండిరి, నా మాట నాకే ఇనబడలే. రింగు కండ్ల ముందర కనబడ్డది, నేను ఏస్తే పేరొస్తదని ఆశ పుట్టింది. ఏసిన. గంతే. అందరు ఆ కసూర్ నీ మీద ఏస్తె, నాకు బాగనే ఉండె, సప్పుడు జెయ్యలే. మాఫ్ చెయ్యన్నా."

యలమందయ్య అతని మొహం వంక చూశాడు.

"కాదు నాగేషూ," అన్నాడు యలమందయ్య. "నువ్వు మర్చిపోయావు. నేను అరవగానే నువ్వు నావైపు తల తిప్పావు. నేను చూశాను గదా."

"టైము సూసెటాయన నీ పక్కకే కూసున్నడన్నా. ఇంక ఎంత ఉన్నదో అని ఆయన దిక్కు సూసిన."

"కాదు. నావైపే."

"లేదన్నా."

ఆ హోటల్లో ఎన్నో ఏళ్లు ఒకరి మీద ఒకరు తప్పు తోసుకున్నారు. ఒకే తప్పు నాదంటే నాదని ఇద్దరు పెనుగులాడటం అదే మొదలు, బహుశా అదే చివర. యలమందయ్య ఎన్నో గుర్తులు చెప్పాడు. తాను ఎక్కడ నిలబడ్డదీ, ఎంత గట్టిగా అరిచిందీ, బసవలింగప్ప చెవులారా విన్నదీ చెప్పాడు. బసవలింగప్పను అడుగుదామంటే అతను ఎక్కడున్నాడో? అన్నిటికీ నాగేష్ మెల్లగా తల అడ్డంగా తిప్పుతూ, చేతులు పట్టుకుని, నీ తప్పేం లేదన్నా, నీ తప్పేం లేదన్నా అంటూనే ఉన్నాడు. గుండె బరువు దించుకున్నవాడి మొహంలో ఉండే తేట అతని మొహంలో ఉంది. దించిన బరువు ఎవరి దగ్గరనుంచి ఏం తీసుకుపోయిందో అతనికేం తెలుసు! చాయ తాగి, మళ్లీ ఒకసారి దండం పెట్టి, కారెక్కి వెళ్లిపోయాడు.

సుంకన్న న్యాయం తెలిసిన మనిషి. ఉన్న గ్లాసులన్నీ కడిగి బోర్లించాడు. యలమందయ్య లేచేటప్పుడు దగ్గరికి వచ్చి, తప్పు లేని మనిషిని ఇన్నేళ్లు నోటికొచ్చినట్టు పిలిచామని, అది తమ నాలుకల తప్పని, ఇక ఆ మాట తన హోటల్లో వినబడదని చెప్పాడు. యలమందయ్య ఏదో చెప్పబోయాడు. పరవాలేదు సుంకన్నా, అలవాటైపోయింది, అందామనుకున్నాడు. ఆటో వచ్చేసింది.

మర్నాడు కూడా వచ్చాడు. సుంకన్న పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు.

"రాండ్రి యలమందయ్యగారూ, కూసోండ్రి," అన్నాడు. గ్లాసు కడిగి, తుడిచి, చెంచా పట్టుకుని ఒక్క క్షణం ఆగి, మర్యాదగా అడిగాడు. "చక్కెర ఎయ్యాల్నా మీకు?"

యలమందయ్య, మీ ఇష్టమండీ, అన్నాడు. బెంచీ మీదున్న ఇద్దరు పనివాళ్లు పెద్దాయన ఎవరో వచ్చాడని ఫోన్లలోంచి తలలెత్తకుండానే చెరో చివరకూ జరిగారు. మధ్యలో చాలా చోటు ఇచ్చారు.