గాలికి ఐదు మాటలు

గాలి గురించి బురుల్‌కాన్‌కి ఇంగ్లీషులో తెలిసిన మాట ఒక్కటే: స్ట్రాంగ్. టోపీ ఎగిరినా స్ట్రాంగే, డేరా ఎగిరినా స్ట్రాంగే. అలాయ్ కొండల్లో శిఖరం ఎక్కడానికి విదేశీయులు దిగే శిబిరంలో ఆమె మొదట వంటకి చేరింది. ఒక వేసవి మధ్యలో రేడియో చూసే మనిషి చెప్పాపెట్టకుండా పోతే, "అందరికంటే ముందు లేచేది నువ్వేగా" అని ఆ పనీ ఆమె నెత్తినే రుద్దారు. పడమటి లోయ కనిపించేది కింది శిబిరం నుంచే, మబ్బూ గాలీ వచ్చేదీ అటునుంచే. పైనున్నవాళ్ళు ఆమె మాట మీదే అడుగు వేయాలి.

సొంత భాషలో చెప్పొచ్చు కదా అంటారు. అక్కడే ఉంది అసలు చిక్కు. మా వాళ్ళలో కోడలు మామగారి పేరు పలకదు, ఆ పేరులో దొర్లే మాట కూడా నోట రానివ్వదు. ఆమె మామగారు మంచు తుఫానులో పుట్టాడని బోరోన్‌బాయ్ అని పెట్టారు. బోరోన్ అంటే మంచు తుఫానే. పెట్టినవాళ్ళకేం, హాయిగా పెట్టి పోయారు! ఇరవై నాలుగేళ్ళుగా ఈమె "తెల్లది" అంటూ నెట్టుకొస్తోంది. నాలుగు రవ్వలు రాలినా తెల్లదే, గొర్రెల మంద మొత్తం కప్పబడిపోయినా తెల్లదే. ఇంటి కప్పు లేచిపోయిన రోజు కూడా "తెల్లదీ, తెల్లదీ" అని గుండెలు బాదుకుంది తప్ప ఆ మాట అనలేదు.

ఈ అవస్థ చూసి శిబిరం డాక్టరు నుర్దిన్‌కి జాలేసింది. "అక్కా, రోగి వట్టి నొప్పి అంటే నాకేం తెలుస్తుంది? కాస్తా, ఎక్కువా, ఓర్చుకోలేనంతా అని చెప్పాలి. గాలీ అంతే" అన్నాడు. పిండి లెక్కల పుస్తకం వెనక ఐదు మాటలు రాసిచ్చాడు. ఊపందుకుంటే పికింగ్ అప్, పెరుగుతుంటే గెటింగ్ స్ట్రాంగర్, తొందరగా ముదురుతుంటే బిల్డింగ్ ఫాస్ట్, ఆ పైన ఫియర్స్, అన్నిటికంటే పైన వయొలెంట్.

"వీటిలో మా అత్తింటివాళ్ళ పేర్లేవీ లేవు కదా డాక్టరూ?"

"వయొలెంట్ అని ఎవరు పెట్టుకుంటారక్కా! ధైర్యంగా అను."

ఆమె పిండి పిసుకుతూ వల్లించింది, నూడుల్స్ కోస్తూ వల్లించింది. నచ్చిన మాట మాత్రం చివరిదే. నోరారా పలకొచ్చు, ఎవరికీ అపచారం లేదు. దాంతో మొదటి వారంలోనే గిన్నెల గుడ్డ ఎగిరిపోయిన గాలిని కూడా వయొలెంట్ చేసేసింది. "ఇవాళ కూడా వయొలెంటేనా మేడమ్?" అని ఎక్కేవాళ్ళు రేడియోలో నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. పాపం, ఆ నవ్వు ఎంత పని చేస్తుందో అప్పుడు తెలియలేదు.

ఆ రోజు పైన ఉన్నది ఇద్దరే. హెన్రిక్ అనే డచ్చివాడు, అతనికి దారి చూపే తాలాయ్. తాలాయ్ బురుల్‌కాన్ మరిది. ఆమె కొత్త కోడలిగా వచ్చేనాటికి అయిదేళ్ళవాడు, ముక్కు తుడిచి అన్నం పెట్టింది ఆమే. ఎత్తులో దగ్గీ దగ్గీ అతని గొంతు పోయి గుసగుసే మిగిలింది, అందుకని రేడియో డచ్చివాడి చేతిలో ఉంది. ఉదయం ఎనిమిదికి మూడో శిబిరం దాటి శిఖరం వైపు బయల్దేరారు. వాతావరణ సూచన కాగితం సాయంత్రం దాకా భయం లేదంది.

ఎనిమిదిన్నరకి బురుల్‌కాన్ చాయ్ కెటిల్ దించి పడమటికి చూసింది. లోయ మొదట్లో ఉండాల్సిన కొండ లేదు. దాని చోట బూడిద రంగు గోడ. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసేసరికి రెండో కొండ కూడా పోయింది. రేడియో అందుకుంది.

"హెన్రిక్, గాలి బిల్డింగ్ ఫాస్ట్. వెనక్కి రండి."

"ఇక్కడ ఎండ కాస్తోంది మేడమ్. శిఖరం మూడు గంటలే."

"ఫియర్స్! చాలా ఫియర్స్!"

"సరే, విన్నాం."

"వయొలెంట్, హెన్రిక్! వయొలెంట్!"

అవతల నవ్వు వినిపించింది. "మొన్నా అదే అన్నారు, నిన్నా అదే అన్నారు." ఐదు మాటలూ అయిపోయాయి. అరిచి అరిచి వాటి విలువ తనే పోగొట్టుకుంది. అప్పుడు సొంత భాషలోకి దిగింది. "తమ్ముడూ, తెల్లది వస్తోంది! పెద్దది!"

"మీ మరిది తల అడ్డంగా ఊపుతున్నాడు" అన్నాడు హెన్రిక్. "మీరు ఏ మంచునైనా అలాగే అంటారట."

పొయ్యి పక్కన మామగారు కూర్చుని ఉన్నాడు, ఆ పొద్దున కుమిస్, అదే పులిసిన గుర్రప్పాలు, తెచ్చి అమ్మడానికి వచ్చాడు. పెద్దాయన లేచి రేడియో లాక్కున్నాడు. "ఒరేయ్! బోరోన్ రా! దిగి చావు!"

కాసేపటికి హెన్రిక్ గొంతు. "గుసగుసగా ఏదో అంటున్నాడు. నాన్న ప్రతి ఏడూ మొదటి రోజునుంచీ ఇదే అరుస్తాడట, తను కొండెక్కడం ఆయనకి ఇష్టం లేదట. మేం వెళ్తున్నాం."

ముసలాయన రేడియో బల్ల మీద పెట్టేశాడు. గోడ మూడో కొండని మింగింది. ఇంకో అరగంట పైకి నడిచారంటే వాళ్ళకి దారే దొరకదు. బురుల్‌కాన్ మామగారి వైపు చూడలేదు. రేడియో తీసుకుంది. 

"తాలాయ్! బోరోన్! విన్నావా, నేను అంటున్నాను, బోరోన్ వస్తోంది!"

రేడియోలో గరగర. ఒకటి, రెండు, మూడు... తర్వాత హెన్రిక్ కాదు, ముళ్ళ మీద ఈడ్చినట్టున్న గొంతు ఒకటి.

"వదినా... నువ్వేనా అన్నది?"

"నేనే. మీ నాన్న ఎదురుగానే అన్నాను."

"దిగుతున్నాం."

మూడో శిబిరం చేరేలోపే అది వాళ్ళ మీద పడింది. ఆ మధ్యాహ్నమంతా రేడియో పలకలేదు. బురుల్‌కాన్ పులుసు మాడబెట్టింది, అందరూ అదే తిన్నారు. మర్నాడు పొద్దెక్కాక మంచులోంచి రెండు మచ్చలు కదిలాయి. హెన్రిక్ కాలివేళ్ళు రెండు నల్లబడ్డాయి. ఇద్దరూ బతికి వచ్చారు. మరిది వచ్చి ఆమె భుజం మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసి, ఏడ్చింది.

ఆ తర్వాతే మామగారి ముందుకు వెళ్ళింది. చేతులు మోకాళ్ళ మీద ఉంచి ఒంగి, "తప్పయిపోయింది మామయ్యా" అంది.

పెద్దాయన మీసం సవరించుకున్నాడు, పొయ్యిలో పిడక వేశాడు.

"నన్ను పేరు పెట్టి పిలిచిన మా అమ్మ పోయి యాభై మూడేళ్ళయింది" అన్నాడు చివరికి. "మీ అత్త కాపురం చేసినన్నాళ్ళూ అనలేదు. ఆ మాట మా ఇంటి ఆడమనిషి నోట మళ్ళీ నిన్ననే విన్నాను. ఇంకోసారి అను కోడలా."

బురుల్‌కాన్ నోరు తెరిచింది. మళ్ళీ మూసి, కెటిల్ అందుకుంది.

"చాయ్ పోయనా మామయ్యా?" అంది.