ఆమెన్ అన్నాకే సెల్ఫ్

కరీంనగర్‌లో నాది ఆటో ఎలక్ట్రికల్ దుకాణం. టిప్పర్లకు, వరికోత మిషన్లకు కంట్రోలర్లు బిగిస్తాను. కంట్రోలర్ అంటే అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా. మనం రాసిచ్చిన ప్రోగ్రాం ప్రకారం ఏ లైను ఎప్పుడు కలపాలో, ఎప్పుడు తెంపాలో అదే చూసుకుంటుంది. దుమ్ముకు, ఎండకు, గుంతల అదురుకు ఆగుతుంది. ఏ మోడల్ పెట్టించుకోవాలని గిరాకీలు అడిగితే టీ చల్లారేలోపు తేల్చి పంపేవాణ్ణి. నన్ను కన్న మా అవ్వ కోసం తేల్చాల్సి వచ్చేసరికి నా కాళ్ళు ఒకచోట నిలవలేదు.

అవ్వ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంట్లో కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషన్ ఉంది, దాని పైపు ఎప్పుడూ ముక్కులో ఉండాలి. తీయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా ఆమె ఆసిఫాబాద్ అవతల గుట్టల్లో ఉన్న జైనూర్ పోవాలని పట్టు పట్టింది. వయసులో ఉన్నప్పుడు ఆ గుట్టల్లోని ఊళ్ళన్నీ తిరిగి దేవుని వాక్యం చెప్పిందట, పిల్లలకు అక్షరాలు దిద్దించిందట. అక్కడి మిషనరీల చర్చిలో ఒక్కసారి కూర్చుని వస్తే చాలట. నేను ససేమిరా అన్నాను. ముక్కుమీద కోపం నాది, ముక్కులో పైపు ఆమెది. ఇద్దరం రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఆమే నోరు విప్పింది.

"మల్ల ఎప్పుడు పోత బిడ్డా?"

కారులో తీసుకుపోతానని ఒప్పుకున్నాను.

కారు బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు, దాన్నుంచి ఆక్సిజన్ మిషన్‌కు లైను. మధ్యలో కాపలాకు కంట్రోలర్. నా పరేషాన్ అక్కడ మొదలైంది. దుకాణంలో రెండు మోడళ్ళున్నాయి. పాతది ఏళ్ళుగా నా చేతిలో నలిగింది, దాని గుణం నాకు తెలుసు. దానికున్నది ఒకే జబ్బు. సెల్ఫ్ కొట్టి ఇంజన్ లేపేటప్పుడు బ్యాటరీ బలం ఒక్కసారి పడిపోతుంది కదా, ఆ క్షణంలో అది కళ్ళు తేలేసి మళ్ళీ లేస్తుంది. వరికోత మిషన్‌కు అదొక లెక్క కాదు. ఆక్సిజన్ మిషన్ మాత్రం ఒకసారి ఆగితే కుయ్యిమని మొత్తుకుని, మళ్ళీ అందుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది. కొత్త మోడల్ సెల్ఫ్ కొట్టినా చలించదు. కానీ అది వచ్చింది ఈ మధ్యే. ప్రోగ్రాం మొదటి నుంచి రాయాలి. ఘాట్ ఎక్కుతుంటే ఏ తిక్క చూపిస్తుందో ఎవరికెరుక? తెలిసిన జబ్బును నమ్మాలా, తెలియని జబ్బునా? అన్నం తింటూ అదే, స్నానం చేస్తూ అదే. ఒకరోజు చెప్పులు మార్చి వేసుకుని దుకాణానికి పోయాను.

మాకు తోడుగా కాగజ్‌నగర్ నుంచి అక్క వచ్చింది. దారిలో ఇంజన్ బంద్ చేయకుండా ఉంటే అయిపోయె కదా, పాతదే పెట్టు అంది. ఇంత చిన్న ముచ్చట నాకెందుకు తట్టలేదని నెత్తి కొట్టుకుని పాతది బిగించాను. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా. అది విని అవ్వ మొహం ముడుచుకుంది.

"ప్రార్థన లేకుంట బండెట్ల కదుల్తది? ఇంజన్ చప్పుడ్ల ఏం ప్రార్థన?"

మా ఇంట్లో అది నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. బండెక్కాక ఇంజన్ బంద్ చేసి కళ్ళు మూసుకోవాలి. ఆమెన్ అన్నాకే సెల్ఫ్. ఇల్లు దాటేటప్పుడే కాదు, టీ తాగడానికి ఆగినా మళ్ళీ అంతే. ఎన్ని ఆమెన్లో అన్నిసార్లు పాత మోడల్ కళ్ళు తేలేస్తుంది. దాన్ని విప్పేసి కొత్తదాని ముందు కూర్చున్నాను. ప్రోగ్రాం రాసి, సెల్ఫ్ కొట్టి, చూసి, మళ్ళీ కొట్టి పక్క దుకాణాల వాళ్ళ ప్రాణం తీశాను. ఒక్కసారీ ఆగలేదు. అయినా నా మనసు కుదురుకోలేదు. డ్యాష్‌బోర్డు మీద ఒక పచ్చ లైటు పెట్టుకున్నాను, కంట్రోలర్ క్షణం ఆగినా ఆరిపోయేలా.

బయల్దేరాం. మంచిర్యాలలో ఆగాం, ఆసిఫాబాద్‌లో ఆగాం. ఆగినచోటల్లా అవ్వ వెనక సీట్లోంచి ప్రార్థన చేసింది. అక్క కళ్ళు మూసుకుంది. నేను మాత్రం కళ్ళు తెరిచి పచ్చ లైటునే చూస్తూ, ఆమెన్ వినగానే సెల్ఫ్ కొట్టాను. లైటు ఆరలేదు. కెరమెరి ఘాట్ మలుపుల్లో కూడా ఆరలేదు. జైనూర్ చర్చిలో కరెంటు ఉంది, మిషన్ లోపలికి మోసుకెళ్ళాం. అవ్వ తనివితీరా కూర్చుంది. పక్కనున్న ముసలమ్మ చెయ్యి వదల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు సంఘమంతా కారు చుట్టూ నిలబడింది. పాస్టరు గారి ప్రార్థన సాగుతూనే ఉంది. లైటును చూసీ చూసీ కళ్ళు గుంజి, తలెత్తి అద్దంలోకి చూశాను. పైపు అవ్వ ఒళ్ళో ఉంది. కళ్ళు మూసుకుని, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. పెదవులు నల్లబడ్డాయి.

"అవ్వా, పైపు!" అని అరిచాను. పాస్టరు గారు ఆగిపోయారు. అవ్వ కళ్ళు తెరవలేదు, ఆగమన్నట్టు చెయ్యి ఊపింది. పాస్టరు గారు ముగించి ఆమెన్ అన్నాకే పైపు పెట్టుకుంది.

ఘాట్ సగం దిగాక బండి నెమ్మది చేశాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, బయటికి కోపమే వచ్చింది. ఎందుకు తీశావని కస్సుమన్నాను.

"పొద్దుగాల్నుంచి అట్లనే తీస్తున్న, నువ్వే చూడలే" అంది తాపీగా. "గది ముక్కుల బుస్సుమంటుంటే, దేవునికి చెప్పే మాట నాకే ఇనబడది."

మిషన్ ఒక్క క్షణం ఆగకూడదని నేను ఇన్నాళ్ళు చచ్చాను. ఆమె ప్రతిసారీ ఆమెన్ దాకా ఊపిరి వదులుకుంది.

ఆసిఫాబాద్‌లో టీ తాగి బండెక్కాం. ఇంజన్ బంద్. అవ్వ చెయ్యి పైపు మీదికి పోయింది. నేను వెనక్కి తిరిగి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడు ప్రార్థన నేను చేస్తానన్నాను. ఊహ తెలిశాక నేను పైకి ప్రార్థన చేసింది లేదు. అక్క నోరు తెరిచి చూసింది.

"ప్రభువా, మా అవ్వ పానం నీ చేతుల ఉన్నది. పైపు మాత్రం ఆమె చేతుల ఉన్నది. ముక్కుకు ఉండనియ్యమని నువ్వన్న చెప్పు. ఆమెన్."

గిదొక ప్రార్థనా అని అవ్వ గొణిగింది. తర్వాత చెయ్యి ఒళ్ళోకి దించి, ఆమెన్ అంది. పైపు ముక్కులోనే ఉంది.

సెల్ఫ్ కొట్టాను. పచ్చ లైటు అప్పుడు వెలుగుతూనే ఉందో ఆరిందో నేను చెప్పలేను. నేను అద్దంలో అవ్వను చూస్తున్నాను.