జానెడు తక్కువ

తాజుద్దీన్ విసిరిన పప్పుగిన్నె మూత ఒకటి సూర్యాపేట పోయి వచ్చింది.

నార్కట్‌పల్లి పశువుల దవాఖాన ముందు నిలబడి అతను దాన్ని కరెంటు స్తంభం వైపు విసిరాడు. అది స్తంభాన్ని వదిలేసి, అప్పుడే కదులుతున్న సూర్యాపేట బస్సు కిటికీలోంచి దూరి, కునుకు తీస్తున్న ఒక పెద్దాయన ఒళ్ళో కూర్చుంది. ఎవరిదంటే ఎవరూ పలకలేదు గనక కండక్టరు దాన్ని సీటు కింద పెట్టుకుని, సాయంత్రం తిరుగు బస్సులో తెచ్చి అప్పగించాడు. తాజుద్దీన్ ఇంట్లో అప్పటిదాకా సూర్యాపేట చూసింది ఆ మూత ఒక్కటే. "ఎంత దూరం ఇసిరినవ్ భాయ్?" అని ఎవరడిగినా "సూర్యాపేట" అనేవాడు. అబద్ధమనడానికి లేదు.

తాజుద్దీన్ ఆ దవాఖానలో కాంపౌండరు. మనిషి బంగారమే గానీ ఒకటే జబ్బు. గుండ్రంగా, చదునుగా ఉన్నది ఏది దొరికినా విసిరేవాడు.

ఎనభై ఆరులో అతని బామ్మర్ది సౌదీ నుంచి ఒక ఎర్ర ప్లాస్టిక్ తశ్తరి తెచ్చాడు. చూడ్డానికి పళ్ళెమే, కానీ అందులో అన్నం తినరు. అక్కడి కంపెనీ దొరలు దాన్ని దూరం నుంచి విసిరి, స్తంభానికి కట్టిన బుట్టలో వేస్తారట. ఎంత తక్కువ విసుర్లకు పడితే అంత గొప్పట. తాజుద్దీన్ వెంటనే కరెంటు స్తంభానికి గడ్డిగంప కట్టాడు. వారం తిరక్కుండానే తశ్తరిని లారీ తొక్కింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. కొన్నాళ్ళకు తాజుద్దీన్ గిన్నెల మూతలతో మళ్ళీ వచ్చాడు.

ఈసారి ఒక జోడీని కూడా పట్టాడు. ఆ జోడీ పేరు బాలస్వామి. ఆర్టీసీ డ్రైవరు. సైకిల్ మీంచి పడి కుడి భుజం విరిగింది. కట్టు విప్పినా చెయ్యి భుజం దాటి లేవడం లేదు. దసరా పోయాక డాక్టరు పరీక్ష. అందులో స్టీరింగు తిప్పలేకపోతే బస్సు పోతుంది, డిపో గేటు దగ్గర కుర్చీ వస్తుంది. బాలస్వామికి బస్సు నడపడం తప్ప ఇంకో సంతోషం తెలియదు. గోడకు వేళ్ళు ఆనించి చెయ్యి పైకి పాకించమని డాక్టరు చెప్పాడు. రెండు రోజులు పాకించాడు, ప్రాణం పోయినంత పనైంది. ఆ తర్వాత గోడకు ఎదురుగా కూర్చుని దాన్ని చూస్తూ ఉండిపోయాడు. భార్య నాగులమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది.

"తమ్మీ, ఖాళీగనే ఉన్నవ్ గదా, జర ఆటకు రా."

"చెయ్యి లేస్తలేదన్నా."

"చేతితోని ఎవలు ఇసురుమన్నరు? నడుముతోని ఇసురు."

బాలస్వామి మొదటి మూత తన కాలి మీదే పడింది. "మంచిదే," అన్నాడు తాజుద్దీన్. "ఇగ నీ కాలు యాడున్నదో దానికి ఎరుకైంది."

పాఠాలు మొదలయ్యాయి. "మూతల పాలున్నయనుకో, ఒలకొద్దు. పక్కకు తిరుగు. దూడను తల్లికాడికెల్లి గుంజినట్టు ఒక్క గుంజు గుంజి ఇడిశిపెట్టు."

"నేను డ్రైవర్నన్నా. దూడల సంగతి నాకేం ఎరుక?"

"అయితె గేర్ గుంజు."

మూత గాల్లో నిలిచింది. ఆ తర్వాత రోజురోజుకూ దూరం పోయింది. గంప మాత్రం స్తంభం మీద పైపైకి ఎక్కసాగింది. కుక్కలు మూతి పెడుతున్నాయని ఒకసారి, మేకలు అందుకుంటున్నాయని ఇంకోసారి తాజుద్దీన్ దాన్ని ఎత్తుకు కట్టాడు.

"ఇప్పుడెందుకన్నా ఇంకింత పైకి?"

"ఒంటెలొస్తే?"

"నార్కట్‌పల్లికి ఒంటెలెందుకొస్తయే?"

"సౌదీకెల్లి మా బామ్మర్ది వస్తుండు గదా."

విచిత్రమేమంటే, నేర్పేవాడి కన్నా నేర్చుకునేవాడిదే ఎక్కువ దూరం. బాలస్వామి మూత ఎక్కడ పడితే తాజుద్దీన్ మూత దానికి జానెడు ఇవతల. తాజుద్దీన్ దాన్ని తిప్పి చూసి మొహం ముడిచేవాడు. "చారుగిన్నె మూత. దీనికి దమ్ము లేదు." మర్నాడు, "పాలగిన్నెది. పానం మెత్తన."

"అన్నా, నీకు నేర్పిన గురువెవలో గాని జర చూపియ్యే," అని బాలస్వామి ఎగతాళి చేసేవాడు. తాజుద్దీన్ రోజూ ఇంటి వెనక ఒక్కడే మూతలు విసరడం చూసి ఇంకా నవ్వేవాడు. గెలుపు రుచి మరిగి, పిలవకముందే వచ్చి నిలబడేవాడు. ఒకనాడు గంప ఊడి వేలాడితే చెయ్యెత్తి తనే కట్టాడు. కట్టిన సంగతి తనే గమనించలేదు. తాజుద్దీన్ అటు తిరిగి ఒక దున్నపోతుతో ఏదో మాట్లాడుతున్నాడు.

పరీక్ష రోజు బాలస్వామి స్టీరింగును ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాడు. డాక్టరు ఆశ్చర్యపోయి ఏం తైలం రాశావని అడిగాడు. "మూతలు సార్," అన్నాడు బాలస్వామి. ఆయన గబగబా ఫిట్ అని రాసి సంతకం పెట్టేశాడు.

అటునుంచటే జిలేబీ పొట్లం పట్టుకుని తాజుద్దీన్ ఇంటికి పోయాడు. తాజుద్దీన్ భార్య మెహరాజ్ అన్నం గిన్నె మీద పిల్లల పలక బోర్లించి, పప్పు గిన్నె మీద ఏం పెట్టాలా అని చూస్తోంది.

"అన్నకు పిచ్చే గాని వదినె, ఆ పిచ్చితోని నాకు లాభమైంది."

"ఏం పిచ్చి? ఆ తశ్తరి లారీ కింద పడ్డనాడే మీ అన్న ఆట ఇడిసిండు. నాగులమ్మ వచ్చి, మా ఆయన గోడ ముట్టుకుంటలేడని ఏడ్సింది సూడు, ఆనాడే నా మూతలన్నీ పట్కపోయిండు."

"మరి ఇంటెనక ఒక్కడే రోజు ఇసురుతుండె గదా?"

"నీకన్నా జానెడు తక్కువ పడేటట్టు ఇసురుడంటె అల్కగ వస్తదా? నా మూతలు సగం ఆ సదువుకే పొయినయ్."

బాలస్వామి పొట్లం అక్కడే పెట్టేశాడు. తను గెలిచిన గెలుపులన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు తిరిగాయి. నవ్వాలో పోట్లాడాలో తేలక దవాఖానకు నడిచాడు. తాజుద్దీన్ ఒక చేత్తో బర్రె వీపు నిమురుతూ, రెండో చెయ్యి వెనక దాచుకుని నిలబడి ఉన్నాడు.

"ఆట ఆటని చెప్పి నాకు వైద్యం జేసినవా? ముందుగాల్నే ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం బోతుండె?"

తాజుద్దీన్ నిమరడం ఆపకుండా అన్నాడు:

"సూదేస్తనని ముందుగాల చెప్తే ఏ బర్రె నిలవడ్తది తమ్మీ?"