కడియంలో ముప్పై రెండు ‘ఏమీ లేవండి’లు

శనివారం ఉదయం 5:40కే విశాఖపట్నం స్టేషన్‌కి చేరుకున్నాను. రైలు 6:20కి. ఇంత ముందెందుకమ్మా అని ఆటో అతను అడిగాడు కూడా. రైలు తప్పిపోతుందన్న భయంతో నేనెప్పుడూ ఇంతే. చేతిలో ఒక గుడ్డ సంచి, అందులో నీళ్ళ సీసా, గొడుగు, రెండు పెన్నులు, నింపిన పాత ప్రశ్నావళులు ముప్పై రెండు, ఖాళీవి మరో ముప్పై రెండు.

ఎందుకు బయల్దేరానో ముందు చెప్పాలి. నేనొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఏడేళ్ళుగా పార్ట్‌టైమ్‌గా మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ‘ఎదుగుతున్న ఆర్థిక వ్యవస్థలో చిన్న వ్యాపారులు ఎదుర్కొంటున్న సవాళ్ళు: కడియం నర్సరీల అధ్యయనం’ అన్నది నా అంశం. పేరు పూర్తయ్యేసరికే వినేవాళ్ళకి ఆవలింతలొస్తాయి. ఇప్పటికి రెండుసార్లు పొడిగించిన గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది, ఇక పొడిగించరు. కిందటి నెల రెండు ఆదివారాలు కడియం వెళ్ళి ముప్పై రెండు మంది నర్సరీ యజమానుల చేత ప్రశ్నావళి నింపించి తెచ్చాను. అందులో పన్నెండో ప్రశ్న ‘మీ వ్యాపారంలో మీకున్న సమస్యలేమిటి?’ అని. ముప్పై రెండు మందీ ఒకే జవాబు చెప్పారు. ఏమీ లేవండి.

మా గైడ్ గారు ఆ కట్ట తిరగేసి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“సవాళ్ళ మీద థీసిస్ రాస్తూ ఒక్క సవాలూ దొరకలేదంటే ఎలాగండీ పద్మ గారూ? అది కడియమా, కైలాసమా?” అన్నారు. గొంతు తగ్గించి, “ఇంట్లో కూర్చుని నింపారా?” అని అడిగారు.

లేదన్నాను. ఆ లేదన్న మాట నా చెవికే అబద్ధంలా వినిపించింది. అదే మనుషుల దగ్గరికి మళ్ళీ వెళ్ళి సోమవారానికి రమ్మన్నారు. మళ్ళీ ఇవే జవాబులొస్తే సంతకం పెట్టనని కూడా చెప్పారు. సంతకం లేకపోతే ఏడేళ్ళ చదువూ నీళ్ళపాలే. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

రైలు పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఎదుటి సీట్లో తాళ్ళరేవు వెళ్తున్న ఒక పెద్దాయన నా కాగితాల వైపు చూసి, “సర్వేలాండీ?” అన్నారు. అవునన్నాను. “మా ఊరొచ్చిన సర్వే వాళ్ళకి అంతా బాగుందనే చెప్తామండి. బాలేదని చెప్తే మళ్ళీ వస్తారు కదండీ,” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

8:05కి తుని. నేను పుట్టి పెరిగిన ఊరు, ఇప్పుడక్కడ మావాళ్ళెవరూ లేరు. ఇడ్లీ పొట్లాలమ్మే ఒకావిడ కిటికీ దగ్గరికొస్తే ఒకటి తీసుకున్నాను. “మీదే బోణీ అమ్మా,” అని నోటు కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది. ఇడ్లీ చల్లగా ఉంది, చట్నీ బాగుంది.

9:45కి రాజమండ్రిలో దిగాను. మీరెవరైనా వెళ్ళదలిస్తే, స్టేషన్ బయట ఆటో ఎక్కి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళండి. అక్కడ రావులపాలెం వైపు వెళ్ళే పల్లెవెలుగు బస్సెక్కి కడియపులంకలో దిగాలి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్‌కి డబ్బులక్కర్లేదు. మధ్యాహ్నం ఎండ మండిపోతుంది కాబట్టి గొడుగు మర్చిపోవద్దు. రోడ్డుకి రెండువైపులా కంటికి ఆనినంత మేరా మొక్కలే, నల్ల కవర్లలో వరసలు కట్టి. మరో మనసుతో వెళ్ళి ఉంటే ఎంత అందంగా ఉండేదో.

10:50కి సత్తిబాబు గారి నర్సరీ గేటు ముందున్నాను. నా మొదటి ప్రశ్నావళి నింపింది ఆయనే. అరవై దాటిన మనిషి, గులాబీ మొక్కలకి తనే నీళ్ళు పడుతున్నారు.

“మళ్ళీ వచ్చారేంటండీ?” అన్నారు, మర్యాదగానే.

“చిన్న సందేహమండి. వ్యాపారంలో సమస్యలేమైనా...”

నా మాట పూర్తికాలేదు. ఆయన ముఖం బిగుసుకుంది. “ఏమీ లేవండి. దేవుడి దయవల్ల అంతా బాగుందండి.”

ఆయన వెనక ఒక వరస మొత్తం ఎండిపోయి ఉంది. నా చూపు అటు పోయిందని గమనించి, ఆయన రెండడుగులు జరిగి దానికి అడ్డంగా నిలబడ్డారు. నేను కొత్త కాగితం తీసి పన్నెండో ప్రశ్న ఎదురుగా అదే మాట రాశాను. పక్కనే టైము వేశాను, 10:55. ఏ కాగితమైనా చేతికొస్తే మూలన టైము వెయ్యడం నాకో జబ్బు. ఇంట్లో పాలవాడి కార్డు మీద కూడా వేస్తాను.

తర్వాతి మూడు చోట్లా ఇదే జరిగింది. ఒకాయన నన్ను చూడగానే ఫోను చెవికి పెట్టుకుని లోపలికెళ్ళిపోయారు, ఫోను మోగనే లేదు. మిగిలిన ఇద్దరూ నవ్వుతూనే ఏమీ లేవన్నారు. ఇక వెనక్కి వెళ్ళి ఏం చెప్పాలో తెలియలేదు.

12:25కి లక్ష్మీకాంతం గారి దగ్గరికి చేరాను. ఆవిడ అర ఎకరం కౌలుకి తీసుకుని ఒక్కతే నర్సరీ నడుపుతున్నారు. షేడ్‌నెట్ కింద పీట వేసుకుని మామిడికి అంటు కడుతున్నారు. నా ముఖం చూసి, “ముందు కూర్చోండి. మజ్జిగ తాగండి,” అన్నారు. మజ్జిగ తాగాక ప్రశ్న అడగబుద్ధి కాలేదు. నా గొడవంతా చెప్పేశాను. సంతకం, సోమవారం, కైలాసం, అన్నీ.

ఆవిడ అంటు చుట్టడం ఆపలేదు. “అప్పుడు ఏ టైముకొచ్చారండీ మీరు?”

“పొద్దున్న ఆరింటి నుంచండి. ముందురోజు రాత్రే రాజమండ్రి వచ్చి ఉండేదాన్ని. ఆ టైముకైతే అందరూ దొరుకుతారని.”

అప్పుడు ఆపారు. “బోణీ కాకుండా ఎదర నిలబడి కష్టాలేంటి, నష్టాలేంటి అనడిగితే ఎవరు నోరిప్పుతారండీ? ఉన్నా లేవనే అంటాం. ఆ టైములో ఆ మాటంటే రోజంతా అలాగే అవుద్దండి. మిమ్మల్ని గెంటెయ్యలేదంటే మర్యాదస్తులు కాబట్టండి.”

“ఇవాళ పదకొండింటికి కూడా చెప్పలేదండీ సత్తిబాబు గారు.”

“ఇవాళ పదకొండింటికింకా బేరాలే లేవు కదండీ. ఇందాకే ఆయన గేట్లో కారాగింది. ఇప్పుడెళ్ళి అడగండి.”

నా చెవులు వేడెక్కాయి. నేను కిరాణా కొట్టు నడిపే ఇంట్లో పెరిగినదాన్ని. ఏడేళ్ళు పుస్తకాలు చదివి, శాంపిల్ ఎలా తియ్యాలో, ప్రశ్న ఎలా కూర్చాలో నేర్చుకుని, ఎప్పుడు అడగాలో మాత్రం మర్చిపోయాను.

“మరి మీకు బోణీ అయిందాండీ?” అని అడిగాను.

“అయిందండి. రాసుకోండి,” అన్నారు లక్ష్మీకాంతం గారు. ఆవిడ చెబుతుంటే కాగితం వెనక పక్క కూడా నిండిపోయింది. ఈ నేల ప్లాట్లు వేస్తారట, వచ్చే ఏడు కౌలుకి ఇవ్వరట. మొక్క ఎదిగిపోతే ఎవరూ కొనరట. “కవరు చిరిగి వేరు నేలలోకి దిగిందంటే అది ఇంక సరుకు కాదండి, చెట్టు. చెట్టుని లారీ ఎక్కించలేం కదండీ. నా సరుకులో సగం ఇప్పుడలా దిగిపోయే ఉంది,” అన్నారు, మామూలు గొంతుతోనే.

మళ్ళీ సత్తిబాబు గారి దగ్గరికి వెళ్ళి ముందు బోణీ సంగతి అడిగాను. ఆయన నన్నొకసారి పరీక్షగా చూసి కుర్చీ వేయించారు. “ఫోన్లో ఫోటో చూసి ఆర్డరిస్తారండి. లారీ నాలుగు రోజులు పోయి అక్కడ దిగాక, ఆకు రంగు ఇది కాదంటారండి. సరుకు వెనక్కి తెప్పించలేం, అక్కడ ఉంచలేం. అదిగోండి, ఆ ఎండిన వరస చూశారు కదా. నీళ్ళు పట్టే కూలీ దొరక్క పోయిందండి అది,” అన్నారు. పొద్దున అడ్డంగా నిలబడ్డ మనిషే ఇప్పుడు చెయ్యి చాచి చూపించారు.

4:40 దాకా తిరిగాను. పదకొండు మంది చెప్పారు. ముందు బోణీ సంగతి అడిగాక ఒక్కరూ ఏమీ లేవనలేదు. అన్నం తినలేదని రాజమండ్రి బస్సెక్కాక గుర్తొచ్చింది.

5:45 రైలు దొరికింది. సీటు దొరికాక సంతోషించాల్సింది పోయి, పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టుకుని చూసేసరికి గుండె జారిపోయింది. ఒకే మనిషి, ఒకే సంతకం. ఒక కాగితంలో ఏమీ లేవు, ఇంకో కాగితంలో రెండు పేజీల కష్టాలు. మొదటిసారి బద్ధకించి ఇంట్లో నింపిందనీ, ఈసారి తెలివిగా ఇంట్లో నింపిందనీ గైడ్ గారు అనుకోరూ? సామర్లకోట దాటాక, పాతవి చించి కిటికీలోంచి వదిలేస్తే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన కూడా వచ్చింది. కట్ట చేతిలోకి తీసుకున్నాను.

“పరీక్ష పేపర్లాండీ?” అంది పక్కన పిల్లని ఒళ్ళో పెట్టుకున్న అమ్మాయి.

అవునన్నాను. పరీక్ష ఎవరిదో చెప్పలేదు. కట్ట మళ్ళీ సంచిలో పెట్టేశాను.

7:20కి తునిలో ఆగింది. పొద్దున ఇడ్లీ కొన్నప్పుడు తట్టనిదంతా అప్పుడు ముంచుకొచ్చింది. నాన్నగారి కొట్టు స్టేషన్ రోడ్డులోనే ఉండేది. బోణీ కాకముందు ఏది లేదన్నా ఊరుకునేవారు కాదు. పెన్సిలు కావాలన్నా మధ్యాహ్నం అడగమని అమ్మ మమ్మల్ని వెనక్కి లాగేది. నేను చదువుకునే రోజుల్లో, కొట్టు మూతపడ్డ వారంలోనే ఒకరోజు కాలేజీకి వెళ్తూ, “కొట్టెలా ఉంది నాన్నా?” అని అడిగాను. “దానికేం, బాగానే ఉంది,” అన్నారు. అడిగింది పొద్దున ఏడింటికి. మూడు రోజుల తర్వాత తాళం పడ్డాక గానీ మాకు తెలియలేదు. మధ్యాహ్నం అడిగి ఉంటే చెప్పేవారేమో. ఇన్నేళ్ళలో ఆ మాట నాకెప్పుడూ తోచలేదు. తోచాక ఏడుపాగలేదు.

అప్పుడే గైడ్ గారు ఫోను చేశారు. “పని అయిందా? ఇబ్బందులేమైనా ఉన్నాయా?”

“ఏమీ లేవు సార్,” అన్నాను.

మంచిదన్నారు, పెట్టేశారు. రైలు కదిలింది. ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత నేనే చేశాను.

“ఉన్నాయి సార్,” అని మొదలుపెట్టి అంతా చెప్పాను. తప్పు నాదేనని, ఆరింటికి వెళ్ళి అడగరానిది అడిగానని, ఇప్పుడు రెండు కట్టలూ ఒకదాన్నొకటి కాదంటున్నాయని.

“వాటి మీద టైములున్నాయా?” అన్నారు.

“ఉన్నాయి సార్. అన్నిటి మీదా, నిమిషాలతో సహా.”

“పాతవి పారెయ్యకండి. రెండూ తీసుకురండి.”

“సంతకం సార్?”

“సోమవారం చూద్దాం. పదకొండు దాటాక రండి,” అన్నారు.

అది అవునో కాదో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. ఖాళీ ప్రశ్నావళులు ఇంకా చాలా ఉన్నాయి. ఒకటి తీసి పైన నా పేరు రాశాను. పన్నెండో ప్రశ్న ఎదురుగా రెండు జవాబులు రాసి పక్కన టైములు వేశాను. 7:24, ఏమీ లేవు. 7:31, ఉన్నాయి.